చారల గోడకు ఇకపై నాలుగు రోజులు

గదిలో చారల గోడ రెండు రోజుల్లో పూర్తిచేస్తామని మొన్నటి దాకా చెబుతూ వచ్చాం. ఇకపై నాలుగు రోజులు పడుతుంది, కూలీ కూడా ఆ మేరకు పెరుగుతుంది. మాతో రంగులు వేయించుకున్నవారికి, వేయించుకోబోయేవారికి కారణం దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

కార్తీక మాసంలో తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇంటి హాల్లో పని. లేత గంధం రంగు మీద ముదురు కావి చారలు. బయట ముసురు. ముందురోజు సాయంత్రం వేసిన గంధం రంగు చేతికి అంటడం లేదు కదా అని పొద్దున్నే చారల అంచులకు అడ్డంగా జిగురు టేపు అంటించేశాం. సాయంత్రం టేపు లాగితే దానితోపాటు గంధం రంగు అరచేయంత పొరగా ఊడివచ్చి, అడుగున పుట్టీ తెల్లగా బయటపడింది. మిగిలినచోట కావి రంగు టేపు కిందికి పాకి, అంచు రంపపు పళ్ళలా తయారైంది. ఆ ఇంటి పెద్దావిడ కోప్పడలేదు. "నాయనా, గుడి గోడల మీద పట్టెలు చూస్తూ పెరిగినదాన్ని. గీత వంకరపోతే నా కన్ను అక్కడే ఆగిపోతుంది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. తప్పు నాది, తొందర నాది. గోడంతా మా ఖర్చుతోనే మళ్ళీ వేశాం.

అప్పటినుంచి అడుగు రంగు వేశాక ఒక పగలు, ఒక రాత్రి గోడను ముట్టుకోవడం లేదు. ముసురు రోజుల్లో రెండేసి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చి ఉంటుంది, టేపు జిగురు దాన్నే పట్టి లాగుతుంది.

కొలతలను మూల నుంచి నమ్మి మొదలుపెట్టం. మూలలు తిన్నగా ఉన్న ఇళ్ళు నేను చూసినవి తక్కువ. పైనుంచి గుండుదారం వేలాడదీసి నిలువు గీత గీస్తాం, అడ్డచారలకు రసమట్టం పెడతాం. 12 అడుగుల గోడ అంటే 144 అంగుళాలు. 16 అంగుళాల చొప్పున 9 చారలు సరిగ్గా సరిపోతాయి. చారలు బేసి సంఖ్యలో ఉంటేనే రెండు మూలల్లోనూ ఒకే రంగు వస్తుంది. టేపు ఎప్పుడూ గీతకు అవతల, రంగు వేయని చార వైపే ఉండాలి. ఒక్కచోట పొరపడినా ఆ చార టేపు వెడల్పంత సన్నబడిపోతుంది. అందుకే రంగు పడకూడని చారలన్నిటి మీదా ముందే చిన్న టేపు ముక్క గుర్తుగా అంటిస్తున్నాం.

అసలు పని ఆ తర్వాత ఉంది. టేపు అంచును వేలితో గట్టిగా నొక్కి, దాని మీద చార రంగు కాకుండా ముందుగా అడుగు రంగునే పలుచగా ఒక పూత పూస్తాం. టేపు కింద సందు ఉంటే ఆ రంగే దూరి మూసేస్తుంది. గోడ రంగూ అదే కాబట్టి కంటికి తెలియదు. అది ఆరాక కావి రంగు రెండు పూతలు వేసినా లోపలికి పాకే దారి ఉండదు. రెండో పూత ఇంకా కొంచెం తడిగా ఉండగానే టేపును దాని మీదికే మడిచి, ఏటవాలుగా, నెమ్మదిగా లాగుతాం. మొదటి జానెడు ఊడివచ్చి, కత్తితో కోసినట్టు గీత కనబడినప్పుడు నాకు కలిగే సంతోషం ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

సున్నం గోడ మీద, పాత డిస్టెంపర్ మీద నేరుగా చారలు వేయం. చేత్తో రుద్దితే పొడి అంటుకుంటే గోకి, ప్రైమర్ కొట్టాల్సిందే. చెమ్మ ఉన్న గోడకైతే ముందు చెమ్మ సంగతి చూసుకోవాలి. అక్కడ డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పదు.

ఈ దసరా నుంచి మాతో చారలు వేయించుకున్నవారి ఇళ్ళలో అంచులు చెదిరి ఉంటే ఫోను చేయండి. నేనే వచ్చి చూసి, ఉచితంగా సరిచేస్తాను. సంక్రాంతి లోపల కావాలన్న ముగ్గురికి మాత్రం కాదని చెప్పాల్సివచ్చింది, నాలుగు రోజుల లెక్కన ఆ లోపల ఖాళీ లేదు. మేము వచ్చేలోగా గోడకు ఆనించిన బీరువా జరిపి ఉంచండి. ఎక్కడైనా పాత టేపు మిగిలి ఉంటే మీరు పీకవద్దు. ఎండిపోయిన టేపు అంచు వెంట ముందు బ్లేడుతో గీయాలి, లేకపోతే రంగు ఊడుతుంది.