కారు బీమా కాగితం తెలుగులో ఇవ్వాలి

సంపాదకులకు,

నమస్కారం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గి, దానిపై వేసే సెస్సు కూడా పోవడంతో, అప్పటిదాకా వెనకాడిన మధ్యతరగతి కుటుంబాలు ధైర్యం చేసి కారు కొనడం మొదలుపెట్టాయి. ఏ మోడల్ ధర ఎంత తగ్గిందో పత్రికలు విపులంగానే రాశాయి. కానీ అలా మిగిలిన డబ్బు తర్వాతి ఐదారేళ్లలో ఎటు పోతుందో చెప్పేవారు తక్కువ. పెట్రోలు ఖర్చు వారం వారం కళ్లెదుటే కనిపిస్తుంది కాబట్టి దాని మీద అందరికీ గమనిక ఉంటుంది. ఏడాదికొకసారి వచ్చే బీమా రెన్యువల్ కాగితాన్ని, సర్వీసు సెంటరులో ఇచ్చే బిల్లును మాత్రం చదివేవారు అరుదు. నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే కనుక, ముఖ్యంగా బీమా గురించి, కొన్ని సంగతులను తోటి పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

షోరూములో ఆన్‌రోడ్ ధర చెప్పేటప్పుడే బీమాను అందులో కలిపేస్తారు. కారు తీసుకోవాలన్న తొందరలో ఉన్న మనిషి ఆ ఒక్క అంకెను విడదీసి అడగడు. అడిగిన చాలామందికి దొరికే జవాబు, ఇక్కడే చేయించుకోకపోతే తర్వాత క్లెయిము కష్టమవుతుందని. ఇది సరైన మాట కాదు. వాహన డీలర్లు బీమా అమ్మే విషయంలో బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం తమ వద్దే పాలసీ తీసుకోవాలని డీలరు కొనుగోలుదారును బలవంతపెట్టకూడదు. బయట అదే కారుకు, అదే విలువకు, అవే అదనపు రక్షణలతో రెండు మూడు కంపెనీల ధరలు తెచ్చి ముందు పెడితే చాలా సందర్భాల్లో షోరూము వారే తమ ధర తగ్గిస్తారు. ఆ పని చేయడానికి ఒక సాయంత్రం చాలు.

అయితే పోల్చేటప్పుడు దేన్ని పోల్చాలో తెలియాలి. పాలసీలో రెండు భాగాలు ఉంటాయి. మన కారు వల్ల ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమా మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. దాని ప్రీమియాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, ఆ పైన 7,897. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. ఈ భాగంలో ఎవరైనా తగ్గింపు ఇస్తామంటే నమ్మనవసరం లేదు. బేరం ఆడదగినది రెండోదైన ఓన్ డ్యామేజి, అంటే మన సొంత కారుకు కలిగే నష్టానికి సంబంధించిన భాగంలోనే. అది కూడా మూడేళ్లకు థర్డ్ పార్టీ తీసుకున్న కంపెనీలోనే ఏటా కట్టాలన్న నియమం ఏమీ లేదు. రెండో ఏడాది నుంచి ఓన్ డ్యామేజిని వేరే కంపెనీలో తీసుకోవచ్చునన్న సంగతి చాలామందికి ఈనాటికీ తెలియదు.

ప్రీమియం తక్కువ అని చూపించడానికి ఏజెంట్లు వాడే తేలికైన ఉపాయం ఐడీవీని తగ్గించడం. అంటే కారు పూర్తిగా పోయినా, దొంగతనానికి గురైనా కంపెనీ చెల్లించే గరిష్ఠ విలువను తగ్గించి రాయడం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారు పూర్తిగా పోయినట్టే లెక్క కడతారు. కనుక ఐదు లక్షల విలువ చేసే కారును మూడున్నర లక్షలకు రాయించుకుని వెయ్యి రూపాయలు మిగిలాయనుకోవడం పొదుపు కాదు. రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు మొదట చూడవలసిన గడి ఇదే.

ఇక నో క్లెయిమ్ బోనస్. నా అభిప్రాయంలో కారు యజమాని చేతిలో ఉన్న అతి పెద్ద పొదుపు ఇది, అతి సులువుగా పారేసుకునేదీ ఇదే. క్లెయిము చేయని మొదటి ఏడాదికి ఓన్ డ్యామేజి ప్రీమియంలో 20 శాతం, తర్వాత వరుసగా 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గుతుంది. ఒక్క క్లెయిము చేస్తే మళ్లీ సున్నాకు వస్తుంది. ఐదేళ్లు ఏ క్లెయిమూ చేయని ఒకరి ఓన్ డ్యామేజి ప్రీమియం బోనస్ లేకపోతే 10,000 రూపాయలు అనుకుందాం. ఆయన కడుతున్నది 5,000. సందులో గోడకు తగిలి ప్లాస్టిక్ బంపరు పగిలింది. కొత్త బంపరు 6,000, బిగింపు కూలి 2,000, మొత్తం 8,000 బిల్లు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగు తీసేస్తారు కాబట్టి బంపరుకు వచ్చేది 3,000. కూలి కలిపితే 5,000 అవుతుంది. అందులో యజమాని తప్పనిసరిగా భరించాల్సిన వెయ్యి పోతే చేతికి వచ్చేది 4,000. మరుసటి ఏడాది నుంచి ఆయన కట్టేది వరుసగా 10,000, 8,000, 7,500, 6,500, 5,500. అంటే కారు విలువతో పాటు ప్రీమియం తగ్గడాన్ని పక్కన పెట్టి చూస్తే, ఐదేళ్లలో 12,500 రూపాయలు ఎక్కువ. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. తరుగు తీయని జీరో డెప్రిసియేషన్ పాలసీ ఉన్నా చేతికి వచ్చేది 7,000 మాత్రమే. షెడ్డులో, సర్వీసు సెంటరులో మాత్రం ‘ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, క్లెయిమ్ పెట్టేద్దాం’ అంటారు. వారికి బిల్లు వస్తుంది, బోనస్ పోయేది మనది. గీతలకు, చిన్న సొట్టలకు చేతి డబ్బు పెట్టుకుని, పెద్ద దెబ్బలకు బీమాను దాచుకోవడం మంచిది.

ఈ బోనస్ కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మి కొత్తది కొనేటప్పుడు కంపెనీ నుంచి బోనస్ ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. అడగనివారికి ఇది ఎవరూ గుర్తు చేయరు. పాలసీ గడువు ముగిశాక రెన్యువల్ చేయించకుండా 90 రోజులు దాటినా బోనస్ పోతుంది. పాత కారు కొన్నవారు కూడా ఒక విషయం గమనించాలి. ఆర్‌సీ తమ పేరుకు మారిందని ఊరుకోకుండా 14 రోజుల్లో బీమాను కూడా తమ పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే సొంత కారు దెబ్బకు క్లెయిము చేసినప్పుడు పాలసీ మీ పేరున లేదని తిప్పి పంపుతారు.

పాలసీలో పనికిరాని ఖర్చులూ ఉంటాయి. యజమాని నడుపుతూ ప్రమాదానికి గురైతే 15 లక్షలు చెల్లించే వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరే. అయితే అది మనిషికి ఒకటి చాలు. ఇంట్లో ఒకే వ్యక్తి పేరున కారు, స్కూటరు రెండూ ఉన్నా, లేదా ఆయనకు అంత మొత్తానికి వేరే ప్రమాద బీమా ముందే ఉన్నా, రెండోసారి కట్టనవసరం లేదని రాసిస్తే తీసేస్తారు. తాళంచెవి పోతే ఇచ్చేది, కారులోని సామాను పోతే ఇచ్చేది వంటి అదనపు రక్షణలు ఎవరికి ఎంత అవసరమో వారే ఆలోచించుకోవాలి. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లే తిరిగేవారు, నడిపినంత దూరానికి తగ్గట్టు ప్రీమియం కట్టే పద్ధతి ఉందేమో అడగాలి. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ దానికి అనుమతి ఇచ్చింది.

అన్ని అదనపు రక్షణలూ వృథా అని నా ఉద్దేశం కాదు. విజయవాడవాసులకు ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు వేల వాహనాలు మునిగాయి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారికి తమ బండి బాగుచేయించుకోవడానికి బీమా నుంచి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్, అంటే పైన చెప్పిన రెండు భాగాలూ ఉన్నవారికీ మరో గండం ఉంది. నీళ్లు తగ్గగానే కారు పని చేస్తుందో లేదో చూద్దామని తాళం తిప్పడం మనుషులకు సహజం. ఇంజనులోకి చేరిన నీరు పిస్టన్ ఒత్తిడికి గాలిలా నలగదు, ఆ బలానికి లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. వరద వల్ల కలిగిన నష్టం పాలసీలో ఉంటుంది కానీ, తర్వాత స్టార్టు చేయడం వల్ల పాడైన ఇంజను దాని కిందికి రాదని కంపెనీలు వాదిస్తాయి. ఇంజను ప్రొటెక్షన్ అదనంగా తీసుకుంటే తప్ప ఆ ఖర్చు మన మీదే పడుతుంది. పల్లపు ప్రాంతాల్లో, సెల్లారు పార్కింగు ఉన్న అపార్టుమెంట్లలో ఉండేవారికి ఇది తీసుకోదగిన రక్షణ అని నా గట్టి నమ్మకం. ఉన్నా లేకపోయినా, మునిగిన కారుకు తాళం పెట్టకుండా, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, టోయింగ్ బండిలోనే షెడ్డుకు చేర్చాలి. ఆ వరదల తర్వాత క్లెయిములు త్వరగా తేల్చాలని రాష్ట్ర ప్రభుత్వమే బీమా కంపెనీలను కోరవలసి వచ్చింది.

నిర్వహణ ఖర్చు గురించి కొద్దిగా చెబుతాను. కారుతో పాటు ఇచ్చే మాన్యువల్లో ఏ కిలోమీటరు దగ్గర ఏం మార్చాలో పట్టిక ఉంటుంది. చాలా చిన్న పెట్రోలు కార్లకు అది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది. సర్వీసు బిల్లులో ఇంజన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ శుద్ధి, కింద కోటింగు అంటూ కనిపించేవాటిలో చాలా వరకు ఆ పట్టికలో ఉండవు. జాబ్ కార్డు మీద సంతకం చేసే ముందే ‘ఇది మాన్యువల్లో ఎక్కడ ఉందో చూపించండి’ అని మర్యాదగా అడిగితే సగం వరసలు అక్కడే పోతాయి. మార్చిన పాత భాగాలను తిరిగి ఇమ్మని అడగడమూ మన హక్కే. వారంటీ అయిపోయాక నమ్మకమైన మెకానిక్ షెడ్డుకు వెళ్లడం తప్పేమీ కాదు. కార్ల కంపెనీలు విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నాయని 2014లో వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ తేల్చి, 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అప్పీళ్లలో ఆ జరిమానా తర్వాత మారినా, బయట బాగుచేయించుకునే అవకాశం వినియోగదారుకు ఉండాలన్న సూత్రం విలువైనది. టైర్లలో గాలి డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద రాసినంత, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకుంటే టైరూ, పెట్రోలూ రెండూ మిగులుతాయి.

పైన చెప్పినవన్నీ పాలసీ కాగితంలోనే ఉంటాయి కదా, చదువుకోవచ్చు కదా అని కొందరు అనవచ్చు. ఆ కాగితం పేజీల కొద్దీ ఇంగ్లీషులో, న్యాయవాదులకే అర్థమయ్యే భాషలో ఉంటుంది. కూరగాయల వ్యాపారం చేసి అప్పు మీద కారు కొని ట్యాక్సీగా కాక ఇంటికి వాడుకునే మనిషి, పల్లెలో ఉపాధ్యాయురాలు, పదవీ విరమణ చేసిన కండక్టరు దాన్ని ఎలా చదవాలి? ఆరోగ్య బీమా విషయంలో పాలసీదారు కోరితే ముఖ్యాంశాల పత్రాన్ని స్థానిక భాషలో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 జనవరి నుంచి నియమం పెట్టింది. మోటారు బీమాకు ఆ పని ఇంకా గట్టిగా జరగాలి. దేశం మొత్తానికి బీమా నియంత్రణ చేసే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. తెలుగు నేల మీద కూర్చున్న సంస్థకు ఇక్కడి వినియోగదారు కష్టం తెలియకపోవడానికి కారణం లేదు.

కాబట్టి నా కోరికలు ఇవి. కొత్త పాలసీకైనా, రెన్యువల్‌కైనా డబ్బు కట్టకముందే ఒకే పేజీ తెలుగు పత్రం ఇవ్వాలి. అందులో ఐడీవీ, బోనస్ శాతం, థర్డ్ పార్టీకి ఎంత, ఓన్ డ్యామేజికి ఎంత, ఒక్కొక్క అదనపు రక్షణకు ఎంత, క్లెయిములో మన చేతి నుంచి పోయేది ఎంత అన్నవి విడివిడిగా ఉండాలి. చిన్న క్లెయిము పెట్టే ముందు బోనస్ ఎంత పోతుందో పాలసీదారుకు చెప్పి, సంతకం తీసుకునేలా నిబంధన తేవాలి. షోరూముల్లో బీమా ధరను ఆన్‌రోడ్ ధరలో కలపకుండా విడిగా రాసి, బయట కొనుక్కోవచ్చునన్న బోర్డు పెట్టించే బాధ్యతను కూడా ఐఆర్‌డీఏఐ తీసుకోవాలి. క్లెయిము విషయంలో కంపెనీ నెల రోజుల్లో తగిన జవాబు ఇవ్వకపోతే, బీమా ఫిర్యాదులను విచారించి పరిష్కరించే అధికారి అయిన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చునన్న సంగతినీ, ఆ కార్యాలయం చిరునామానూ, ప్రతి పాలసీ మొదటి పేజీలో తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ