ఇకపై మీ చెట్టెక్కేది మా జీతం తీసుకునే మనిషే

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో చెట్ల కొమ్మలు కోయించడానికి ఏళ్లుగా మమ్మల్నే పిలుస్తున్న ఇళ్లవారికి, అపార్టుమెంటు సంఘాలకు, చుట్టుపక్కల మామిడి తోటల యజమానులకు నమస్కారం.

ముందు విషయం చెబుతాను. చెట్టెక్కే మనుషులను బయటి మేస్త్రీ దగ్గర రోజు లెక్కన తెచ్చుకునే పద్ధతి మానేశాం. పెద్ద చెట్ల పనికి ఇకపై మీరు మునుపటికన్నా ఎక్కువ రోజులు ఆగవలసి వస్తుంది. ధర కూడా దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ఈదురుగాలుల కాలం ముందర ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ మేం మనుషుల్లేక చతికిలబడ్డామని, మేస్త్రీకి డబ్బు ఎగ్గొట్టామని రెండు మూడు కాలనీల్లో ప్రచారం జరుగుతోంది. ఇన్నేళ్లు మమ్మల్ని నమ్మినవారు అసలు సంగతి మా దగ్గరే వినాలి.

వేసవిలో పని ముమ్మరంగా ఉన్నప్పుడు మా సొంత మనుషులు చాలరు. అందుకే చాలాకాలంగా ఒకే మేస్త్రీ మాకు మనుషులను పంపేవాడు. అతను పంపినవాళ్లలో మంచి పనివాళ్లు ఉన్నారు, ఆ మాట ఇప్పటికీ అంటాను. మొదటి నుంచీ నేను ఒకటే షరతు పెట్టాను: మనుషుల పేరిట బీమా ఉండాలి, ఏటా దాని నకలు నాకు ఇవ్వాలి. ఇచ్చేవాడు. తేదీలు సరిగానే ఉండేవి, కంపెనీ ముద్ర ఉండేది.

ఈసారి హనుమకొండలో ఒక పాత ఇంటి ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు పని వచ్చింది. పక్కింటి మీదికి వంగిన కొమ్మను తాడు కట్టి ముక్కలుగా దించాలి. మేస్త్రీ మనిషి పైన ఉన్నాడు. కోసిన కొమ్మ తాడు మీద ఊగి వచ్చి అతని భుజానికి తగిలింది. నడుముకు బెల్టు, పైన రెండో తాడు ఉన్నాయి కాబట్టి కింద పడలేదు, గాలిలో వేలాడాడు. మా కుర్రాడు మరో తాడు మీద ఎక్కి అతన్ని దించాడు. భుజం దగ్గరి ఎముక విరిగింది. కొమ్మ పక్కింటి ప్రహరీ మీద పడి, లోపల పెట్టిన స్కూటరును నుజ్జు చేసింది.

ఒకరు చెట్టు మీద ఉంటే, ఎక్కగలిగినవాడు ఇంకొకడు కింద బెల్టు కట్టుకుని సిద్ధంగా ఉండాలన్నది మా దగ్గర మొదటి నుంచీ నియమం. తెలివి తప్పిన మనిషి బెల్టులో కదలకుండా వేలాడుతూ ఉంటే రక్తం కాళ్లలో నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. కొందరు కస్టమర్లు “ఆ రెండో మనిషి ఊరికే నిలబడ్డాడు, అతని కూలి కూడా మేమే ఇవ్వాలా?” అని అడిగేవారు. ఆ రోజు అతను ఊరికే నిలబడలేదు.

ఆస్పత్రి ఖర్చు నేనే కట్టాను. ప్రహరీ కట్టించాను, స్కూటరు డబ్బు ఇచ్చాను. ఆ ఇంటివారు, పక్కింటివారు ఎంతో మర్యాదగా నడుచుకున్నారు, వారికి రుణపడి ఉంటాను. తర్వాత మేస్త్రీ ఇచ్చిన పాలసీ పట్టుకుని బీమా కంపెనీకి రాశాం. పాలసీ అమల్లోనే ఉంది కానీ, అది నేల మీద తోటపని చేసే కూలీలకు మాత్రమేనని, ఎత్తులో పని అందులో లేదని జవాబు వచ్చింది. మాకు ఏటా ఇచ్చిన నకలు మొదటి పేజీ ఒక్కటే. పని వివరం రాసిన షెడ్యూలు పేజీ ఏనాడూ ఇవ్వలేదు. ఎత్తు పనికి ప్రీమియం ఎక్కువ కాబట్టి మనుషులను గడ్డి కోసేవాళ్లుగా రాయించి, వాళ్లను చెట్ల మీదికి పంపుతున్నాడు.

దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అడిగితే అతను అన్న మాట: “ఆ రోజు వాడు మీ పనిలో ఉన్నాడు, నాకేం సంబంధం?” మా ఇంట్లో అన్నం తిన్న మనిషి. వాళ్ల పాప పెళ్లికి మేం కుటుంబమంతా వెళ్లాం. అతని మనుషులకు ఏ వారమూ నేను డబ్బు ఆపలేదు. కనీసం ఆస్పత్రికి వచ్చి దెబ్బ తగిలిన ఆ మనిషి మంచం దగ్గర నిలబడి ఉంటే, మిగతాది ఎలాగో మాట్లాడుకునేవాళ్లం. రాలేదు. పైగా నేనే డబ్బు ఎగ్గొట్టానని చెబుతున్నాడు. చెల్లించిన ప్రతి రూపాయికీ మా దగ్గర రశీదు ఉంది. ఎవరికి అనుమానం ఉన్నా వచ్చి చూసుకోవచ్చు.

ఆ తర్వాత ఏం చేయాలన్నది నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. మా లెక్కలు చూసే ఆయన, మా బావమరిది, ఇదే వృత్తిలో ఉన్న ఇద్దరు స్నేహితులు అందరూ ఒకే మాట చెప్పారు: “ఇంకో మేస్త్రీని చూసుకో. ఈసారి చెట్టెక్కే ప్రతి మనిషి దగ్గరా స్టాంపు కాగితం మీద సంతకం తీసుకో. ఏం జరిగినా తనదే పూచీ, యజమానిని ఏమీ అడగను అని రాయించుకో. అందరూ చేస్తున్నది అదే.” ఖర్చు వంద రూపాయల స్టాంపు. నాకు వచ్చే లాభం వేసవి అంతటి పని.

ఆ కాగితం నమూనా కూడా తయారై నా బల్ల మీదికి వచ్చింది. నేను సంతకం పెట్టించలేదు. ముందుగా, అది చెల్లదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం పన్నెండో సెక్షను ఏమనేదంటే, మన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే, అతని మనిషికి దెబ్బ తగిలినప్పుడు మన సొంత మనిషికి ఇచ్చినట్టే మనమే పరిహారం ఇవ్వాలి. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకునే హక్కు మనకు ఉంటుంది, అంతే. పదిహేడో సెక్షను ఇంకా సూటిగా ఉండేది: పరిహారం హక్కును కార్మికుడు వదులుకున్నట్టు రాసుకున్న ఏ ఒప్పందమూ చెల్లదు. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. సూత్రం మాత్రం మారలేదు.

అసలు మొత్తం ఎంతో తెలిస్తే ఆ స్టాంపు కాగితం విలువ అర్థమవుతుంది. పాత చట్టం పట్టిక ప్రకారం 30 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే, నెల జీతం 15,000 లెక్కన అందులో సగాన్ని 207.98తో గుణించాలి. అంటే 15,59,850 రూపాయలు. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే పైన సగం వరకు జరిమానా. నా దగ్గర అంత డబ్బు నిల్వ ఉండదు. మేస్త్రీ దగ్గర అసలే ఉండదు. అప్పుడు నష్టపోయేది ఆ మనిషి ఇల్లాలు, పిల్లలు.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమైనది. చెట్టెక్కేవారిలో చాలామంది ఆ కాగితాన్ని చదవకుండానే వేలిముద్ర వేస్తారు. “నువ్వు చస్తే మాకు సంబంధం లేదు” అని రాసిన కాగితం మీద పొద్దున్నే వేలిముద్ర వేయించుకుని, అదే మనిషి చేత నా పేరున్న చొక్కా తొడిగించి మీ ఇంటికి పంపడం నా వల్ల కాదు. నష్టం వచ్చినా సరే, ఆ పని చేయను. దీన్ని నా మొండితనం అంటే అనండి.

కాబట్టి ఇప్పుడు చేస్తున్నది ఇది. పరకాల వైపు గీత కార్మికుల కుటుంబాల నుంచి కొందరు యువకులను నెల జీతం మీద తీసుకున్నాం. పని లేని వారాల్లోనూ జీతం ఆగదు. ధర పెరగడానికి ముఖ్య కారణం ఇదే, మిగతాది ప్రీమియం. భుజం విరిగిన కుర్రాడు కూడా ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు. చట్టం లెక్కలో పని చేయలేని రోజులకు పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం ఇస్తే చాలు, అంటే నెలకు సగం జీతం. మేం పూర్తి కూలి ఇచ్చాం. పూర్తిగా కోలుకునేదాకా అతను కింద తాళ్లు చూసుకుంటాడు.

తాటిచెట్టెక్కేవాళ్లకు మన పెరటి చెట్లు ఏం తెలుస్తాయని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. తాటిచెట్టుకు కొమ్మలు ఉండవు. మోకు అనే లావు తాడును కాండం చుట్టూ వేసుకుని, దాన్ని పైకి జరుపుకుంటూ ఎక్కుతారు. మర్రి, వేప, నిద్రగన్నేరు లాంటి వాటి మీద ప్రతి కొమ్మ దగ్గరా మోకు విప్పి మళ్లీ కట్టాలి, ఆ విప్పిన క్షణమే ప్రమాదం. అందుకే మా దగ్గర రెండు తాళ్ల పద్ధతి: ఒకటి విప్పే ముందు రెండోది బిగిసి ఉండాలి. మోటారు రంపం పట్టుకున్నప్పుడు రెండూ బిగిసే ఉండాలి. వీళ్లకు ఎత్తు భయం లేదు, చెట్టు బరువు ఎటు మొగ్గిందో చూసే కన్ను ఉంది. 2024లో మన ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్ష పేరుతో ఇచ్చిన భద్రతా కిట్లు వాడటం కొందరు నేర్చుకునే వచ్చారు. కొమ్మ కోత మాత్రం మేం మొదటి నుంచీ నేర్పుతున్నాం: ముందు కింది నుంచి చిన్న గాటు, దానికి కాస్త అవతల పై నుంచి కోత, బరువు పోయాక కొమ్మ కాండాన్ని కలిసే చోటి ఉబ్బును వదిలి మొద్దు తీయడం. అలా చేస్తేనే బెరడు చీలదు, గాయం మానుతుంది. నేర్చుకునేదాకా వాళ్లను పెద్ద చెట్టెక్కించం. మీరు ఆగవలసి రావడానికి ఇదే కారణం.

మా సంఖ్య పదికి చేరలేదు కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, మాకు తప్పనిసరి కాదు. అందుకని ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకున్నాం, ఎత్తులో పని, మోటారు రంపం అని అందులో రాయించాం. మీ ప్రహరీకి, పక్కింటి రేకులకు, కారుకు నష్టం జరిగితే దానికి వేరే పాలసీ ఉంది. మనుషుల పాలసీ గోడలకు పనికిరాదు. ఈ తేడా తెలియక చాలామంది ఒకటి చూసి రెండూ ఉన్నాయనుకుంటారు.

మారనివి కూడా ఉన్నాయి. కరెంటు తీగలకు దగ్గరి కొమ్మలను విద్యుత్ శాఖ కరెంటు ఆపి లైన్ క్లియరెన్స్ ఇచ్చాకే తాకుతాం. నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కాగితం లేకుండా చెట్టును మొదలంటా కొట్టం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు ఒక్కసారిగా కూలిన తర్వాత, భయంతో ఇంటి ముందు వేపను కూడా కొట్టేయమని అడిగేవారు ఎక్కువయ్యారు. దయచేసి ముందు చూపించండి. చాలా చెట్లకు బరువు తగ్గిస్తే సరిపోతుంది.

“మీ మనిషి నంబరు ఇవ్వండి, ఆదివారం నేరుగా మాట్లాడుకుంటాం” అని అడిగేవారికి ఒక విన్నపం. ఇవ్వను. ఆదివారం వచ్చే ఆ మనిషికి మా పాలసీ వర్తించదు. తక్కువ ధరకు వచ్చేవారు ఊళ్లో ఉన్నారు, వారిని పిలుచుకోవడం మీ ఇష్టం, అందుకు నొచ్చుకోను. వారి పాలసీ అన్ని పేజీలూ చూడండి చాలు.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే ఉంటుంది, తేదీ మాత్రం జరుగుతుంది. ఆగలేనివారికి డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం. గాలివాన తర్వాత ఇంటి మీదికి, దారి మీదికి ఒరిగిన చెట్లకే ముందు వస్తాం, మిగతావి వరుసలో. పని మొదలయ్యే ముందు మా రెండు పాలసీల నకళ్లు షెడ్యూలు పేజీతో సహా మీ చేతికి ఇస్తాం. అందులో ఎత్తులో పని అన్న మాట ఉందో లేదో, ఆ రోజు వచ్చిన మనుషుల పేర్లు జాబితాలో ఉన్నాయో లేవో మీరే చదువుకోండి. లేకపోతే మమ్మల్ని గేటు దాటి లోపలికి రానివ్వకండి.