కొత్త పంట కాఫీ ఎందుకు ఆలస్యమైందంటే

శివరాత్రికల్లా అరకు కొత్త పంట కాఫీ కొట్లో ఉంటుందని డిసెంబర్‌లో మీ అందరికీ చెప్పాను. ఉగాది కూడా వెళ్లిపోయింది. "వచ్చేవారం సార్, వచ్చేవారం అమ్మా" అని చెప్పి చెప్పి కౌంటర్‌లో కుర్రాళ్లు విసిగిపోయారు. మా పంట పోయిందని కొందరు, మంచి సరుకంతా ఎక్స్‌పోర్ట్ వాళ్లకి అమ్మేశామని ఇంకొందరు బీచ్ రోడ్డు వాకింగ్‌లో అనుకుంటున్నారని తెలిసింది. విశాఖ ఎంవీపీ కాలనీలో కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ మా పొడే వాడుతున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. వేరేవాళ్ల నోటి నుంచి వినేకంటే నేనే చెప్పడం మర్యాద.

పంట బాగానే పండింది. చెడింది ఆరబెట్టే దగ్గర.

కాఫీ పండు కోశాక తోలు తీసి, పులియబెట్టి, కడిగితే పైన పల్చటి పెంకుతో గింజ మిగులుతుంది. దాన్ని పార్చ్‌మెంట్ అంటాం. అప్పుడు దాని బరువులో సగం నీళ్లే. ఆ తేమని 11 శాతం దగ్గరికి తేవాలి. ఇన్నాళ్లూ ఎత్తు బల్లల మీద ఎండలోనే ఆరబెట్టాం. కానీ కోత నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆ రోజుల మొదట్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుడుతూ ఉంటాయి. టార్పాలిన్ కప్పడం, తీయడం, మళ్లీ కప్పడం, ఈలోగా గింజకి బూజు వాసన. అందుకే ఈ ఏడాది అప్పు చేసి వేడిగాలి డ్రయ్యర్ పెట్టాం. గ్యాస్ ఫర్నేస్ గాలిని వేడి చేస్తే బ్లోయర్ ఆ గాలిని గింజల కిందికి తోస్తుంది. పొగ వేరే గొట్టంలోంచి బయటికి పోతుంది, గింజకి తగలదు.

ఆ ఫర్నేస్ రెండు స్టేజీలది. ఇంట్లో స్టవ్‌కి సిమ్, హై ఉన్నట్టే అనుకోండి. చిన్న మంట పెద్ద మంటలో దాదాపు 70 శాతం వేడి ఇస్తుంది. అమెరికాలో చలి ప్రాంతాల ఇళ్లు వెచ్చబెట్టే డిజైన్ అది. కాఫీకి రెండు స్టేజీలు కావాలని పట్టుబట్టింది నేనే. పార్చ్‌మెంట్ గింజ 40 డిగ్రీలు దాటి వేడెక్కకూడదు. తడి ఎక్కువున్నప్పుడు కాస్త గట్టి వేడి, చివర్లో నెమ్మది వేడి కావాలి. ఒకటే మంట ఉన్న ఫర్నేస్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, గింజ ఓసారి కాలి ఓసారి చల్లబడుతుంది.

ఆర్డర్ కాగితం మీద నేను స్వయంగా రాసిన మాటలు ఇవి: బిగించే చోటు అరకు, ఎత్తు 3000 అడుగులు, వాడేది ఎల్పీజీ, పని కాఫీ ఆరబెట్టడం. ఆ కాగితం కాపీ నా దగ్గర ఉంది. చూపించమంటే కొట్లో ఎవరికైనా చూపిస్తాను.

వచ్చిన ఫర్నేస్ సముద్రమట్టానికి సెట్ చేసింది. విశాఖలో మన వీధిలో బిగిస్తే చక్కగా పనిచేసేది. అరకులో గాలి ఒత్తిడి ఇక్కడికంటే పదో వంతు తక్కువ. అంటే మంటకి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. గ్యాస్ మాత్రం జెట్‌లోంచి, అంటే బర్నర్‌లో గ్యాస్ చిమ్మే సన్న రంధ్రంలోంచి, ఇంచుమించు ఎప్పటిలాగే వస్తుంది. గాలి చాలక మంట నీలం పోయి పసుపు తిరుగుతుంది, మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 2000 అడుగులు దాటిన చోట ప్రతి వెయ్యి అడుగులకీ 4 శాతం చొప్పున మంట తగ్గించాలన్నది అమెరికాలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. సముద్రమట్టం నుంచే లెక్క కడతారు కాబట్టి 3000 అడుగులకి 12 శాతం. గంటకి లక్ష బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క) ఫర్నేస్ మా షెడ్డులో 88 వేలే మండాలి. డెన్వర్ నగరం 5280 అడుగుల ఎత్తులో ఉంటుంది, అక్కడ ఈ లెక్క చూసుకోకుండా ఎవరూ ఫర్నేస్ వెలిగించరు. పైగా ఫర్నేస్‌తో వచ్చిన పుస్తకంలో ఈ పట్టిక అచ్చువేసి మరీ ఉంది. అమ్మినవాళ్లు దాన్ని తెరిచి చూడలేదు. నేను చూశాను.

మొదటి చలి రాత్రే గొడవ మొదలైంది. వెలగడం, కాసేపటికి ఆగిపోవడం. పొగని బయటికి లాగే ఫ్యాన్ సరిగా లాగుతోందో లేదో చూసి, లేకపోతే గ్యాస్ ఆపేసే ప్రెషర్ స్విచ్ ఒకటి ఉంటుంది. పల్చటి గాలిలో ఆ ఫ్యాన్‌కి అంత బలం రాదు, కింది ఊళ్లకి సెట్ చేసిన స్విచ్ దాన్ని పొరపాటు కింద లెక్కేసి గ్యాస్ ఆపేస్తుంది. ఎత్తు ప్రాంతాలకి వేరే స్విచ్ వేయాలి. కంపెనీకి ఫోన్ చేస్తే మెకానిక్‌ని పంపారు. ఆయన వచ్చి, టీ తాగి, ఒక వైరు ముక్కతో ఆ స్విచ్‌ని బైపాస్ చేసి, "ఇంక ఆగదు సార్, చూడండి" అన్నాడు. నిజమే, ఆగలేదు. మసి పట్టి, పొగ సరిగా పోకపోయినా ఆగకుండా మండేలా చేసి వెళ్లాడు. ఆ షెడ్డులో రాత్రిపూట గింజ తిరగేసే ఇద్దరు కుర్రాళ్లు అక్కడే పడుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. సంగతి తెలిసిన రాత్రే ఫర్నేస్ ఆపించి, తలుపులన్నీ తీయించి, ఆ వైరు పీకించాను. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పొడి సంగతి తర్వాత. వాళ్లిద్దరి తల్లిదండ్రులకి నేనేం చెప్పుకునేవాణ్ని?

మళ్లీ ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన మాట ఇది: "మీరు కాఫీ వేయించుకునేవాళ్లు సార్, బర్నర్ సంగతి మాకు వదిలెయ్యండి." వదిలేశాం కాబట్టే ఇంత దూరం వచ్చింది.

రెండో తప్పు థర్మోస్టాట్‌ది, అంటే వేడి ఎంతుందో చూసి మంటని వెలిగించే, ఆపే పరికరానిది. మీకు అందాల్సిన కాఫీని పాడుచేసింది అదే. రెండు స్టేజీల ఫర్నేస్‌ని రెండు రకాలుగా నడపొచ్చు. రెండు స్టేజీల థర్మోస్టాట్ పెడితే, వేడి కొంచెం తగ్గినప్పుడు చిన్న మంటని, బాగా తగ్గినప్పుడు మాత్రమే పెద్ద మంటని అది పిలుస్తుంది. ఒక్క స్టేజీ థర్మోస్టాట్ పెడితే ఆ తెలివి దానికి ఉండదు కాబట్టి ఫర్నేస్ బోర్డులోని టైమర్ చూసుకుంటుంది. ముందు చిన్న మంట, పది నిమిషాల్లో గది వెచ్చబడకపోతే పెద్ద మంట. ఇంటికి ఈ పద్ధతి సరిపోతుంది. మాకు పంపింది ఇళ్లలో గోడకి పెట్టే ఒక్క స్టేజీ థర్మోస్టాట్. దాని మీద 32 డిగ్రీల కంటే పైకి అంకే లేదు! కాఫీ గాలి గొట్టానికి అదెలా పనికొస్తుందని అడిగితే, షెడ్డు గోడకి బిగించమన్నారు. అరకులో చలికాలం తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి పోతుంది. గోడకున్న థర్మోస్టాట్ షెడ్డు చలిని చూసి రాత్రంతా వేడి కావాలనే అడిగింది, పది నిమిషాలు కాగానే బోర్డు పెద్ద మంటకి మారింది, తెల్లారేదాకా అక్కడే ఉండిపోయింది. గింజ ఎంత కాలుతోందో చూసేది అందులో ఏదీ లేదు.

అలా మొదటి కోత గింజలో చాలా భాగం పైన గట్టిపడి లోపల తడి మిగిలిపోయింది. కొంత గింజ తెల్లగా పాలిపోయింది. వేయించి చూస్తే ఒక గింజ మాడుతుంటే పక్క గింజ పచ్చిగా ఉంది. కప్పులో పులుపు లేదు, తీపి లేదు, అట్టముక్క నానబెట్టినట్టుంది. మొదటి కోత అంటే బాగా ముదిరిన ఎర్రటి పళ్లు. మీకు పీబెర్రీగా (పండులో రెండు గింజలకి బదులు ఒక్కటే గుండ్రంగా ఉండేది), చికోరీ లేని ప్లెయిన్ పొడిగా వచ్చేది అందులోంచే.

ఇక్కడే నాకు నిద్ర పట్టలేదు. ప్లెయిన్ పొడికి పనికిరాకపోయినా 30 శాతం చికోరీ కలిపే మన ఫిల్టర్ పొడిలో వేసేయొచ్చు కదా అన్నాడు మా బావమరిది. చికోరీ చేదు, పాలు, పంచదార వీటన్నిటి కింద గింజలోని లోపం అణిగిపోతుంది. సరే, చూద్దామని ఇంట్లోనే పాత గింజ పొడితో, ఈ గింజ పొడితో విడివిడిగా డికాక్షన్ తీసి, ఏది ఏదో చెప్పకుండా గ్లాసుల్లో పోశారు. నేను కనిపెట్టలేకపోయాను. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్న నేను తప్పు గ్లాసు చూపించాను. మా ఆవిడ కూడా అంతే. వేసేస్తే మీలో ఒక్కరికీ తెలిసేది కాదు, నా అప్పులో పెద్ద వాయిదా తీరిపోయేది.

వేయలేదు. ఒక కారణం లెక్కకి అందేది: ఎక్కువ వేడి తగిలిన గింజ నిలవలో తొందరగా చచ్చిపోతుంది. ఏప్రిల్‌లో తేడా తెలియని పొడి వానాకాలానికి చెక్కపొడిలా ఉంటుంది, అప్పుడు మీరు ఫోన్ చేసేది నాకే. రెండోది లెక్కకి అందనిది. ఎవడో పుస్తకం తెరవనందుకు ఆ సరుకు నా పేరున్న ప్యాకెట్‌లో వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఇది వ్యాపారం కాదు, మొండితనం అంది మా ఆవిడ. కావచ్చు. ఆ గింజంతా దాని లోపం చెప్పి, నష్టానికి ఒక ట్రేడర్‌కి పచ్చి గింజగానే ఇచ్చేశాం. రైతులకి మాత్రం పళ్ల డబ్బు కోత రోజే ముట్టింది. అందులో ఒక్క రూపాయి కూడా కోయలేదు.

బయటి గింజ కొని మన ప్యాకెట్‌లో పోసి శివరాత్రి మాట నిలబెట్టుకోమని కూడా కొందరు సలహా ఇచ్చారు. దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

ఫర్నేస్‌ని చివరికి బాగుచేసింది అమ్మినవాళ్లు కాదు. స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మన దగ్గర వారం వారం పావుకిలో తీసుకుంటారు. కొట్లో నా మొహం చూసి సంగతి అడిగి, "మంట ఏ రంగులో ఉంది బాబూ?" అన్నారు. పసుపు అన్నాను. వెంటనే అరకు మీదుగా వెళ్లే కిరండోల్ రైలెక్కి నాతో పాటు వచ్చేశారు. ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు పోసి, యు ఆకారంలో వంచి, స్కేలు పక్కన పెట్టి గ్యాస్ ఒత్తిడి కొలిచారు. ఎల్పీజీకి పెద్ద మంట మీద నీళ్ల తేడా 10 అంగుళాలు ఉండాలి. చిన్న మంటకి అందులో సగం చాలు, ఎందుకంటే ఒత్తిడి సగమైతే గ్యాస్ సగమవదు, 70 శాతం వస్తుంది. ఒత్తిడి సరిగానే ఉంది, జెట్లే పెద్దవి. ఉన్న జెట్లతో ఏదో సర్దేయడానికి ఆయన ఒప్పుకోలేదు. పట్టికలో ఉన్న కొలతకి ఫ్యాక్టరీ జెట్లే గాజువాక ఆటోనగర్‌లో ఒక బర్నర్ వర్క్‌షాప్ ద్వారా తెప్పించాం. ఎత్తుకి తగ్గ ప్రెషర్ స్విచ్ రావడానికే ఎక్కువ ఆలస్యమైంది. గోడ మీది థర్మోస్టాట్ పీకేసి, వేడిగాలి గొట్టంలో సెన్సర్ ఉండే రెండు స్టేజీల కంట్రోలర్ పెట్టాం, బోర్డులో టైమర్ ఆపేశాం. పొగగొట్టంలో మోనాక్సైడ్ కొలిపించాం. షెడ్డులో దాని అలారం పెట్టాం, కుర్రాళ్ల పడకలు వేరే గదికి మార్చాం. ఇప్పుడు మంట నీలంగా ఉంది. వేడి 12 శాతం తగ్గింది కాబట్టి ఒక్కో విడత ఆరడానికి ఎక్కువసేపు పడుతోంది. పట్టనీ.

ఆ పెద్దాయన కాఫీకి డబ్బులు తీసుకోవద్దని కుర్రాళ్లకి చెప్పాను. ఆయన మాత్రం ఇచ్చే వెళ్తున్నారు.

అమ్మినవాళ్లకి ఆఖరి వాయిదా నేను ఇవ్వలేదు. నోటీసు పంపుతామన్నారు, పంపనివ్వండి.

ఇక మీకు కావలసిన సంగతులు. చివరి కోతల గింజ బాగా ఆరింది, వేయించి చూశాం, బాగుంది. ఈ నెలాఖరుకి కొట్లోకి వస్తుంది. సరుకు తక్కువ కాబట్టి ప్లెయిన్ పొడి ఇంటికి అరకిలోకి మించి ఇవ్వలేం, దయచేసి కౌంటర్‌లో కుర్రాళ్లతో వాదించకండి. పీబెర్రీ ఈ ఏడాది లేదు. చికోరీ పొడి ఎప్పటిలాగే దొరుకుతుంది, అందులో ఉన్నది పోయినేడాది గింజ. ధర ఏ పొడికీ పెంచలేదు. పీబెర్రీకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా ప్లెయిన్ పొడికి మార్చుకోవచ్చు. రసీదు పోయినా ఫర్వాలేదు, ఫోన్ నంబర్ చెబితే పుస్తకంలో చూసి ఇస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొట్టు ఉండదు, అరకు వెళ్తున్నాను.