పొట్టి కాళ్లు, నిండైన పిక్కలు, పొడుగు బూట్లు

అమ్మలూ,

గుర్రపు స్వారీ బూట్ల కోసం నువ్వు పంపిన కొలతలు అందాయి. పాదం 37, పిక్క చుట్టూ 41 సెంటీమీటర్లు, మోకాలి దాకా 38. ఏ పట్టికలోనూ ఈ మూడూ ఒకే వరసలో దొరకలేదని, పిక్క 41 అని రాసి ఉన్న జత తెప్పించుకుంటే జిప్ సగంలోనే ఆగిపోయిందని రాశావు. నీ కాళ్లే సరిగ్గా లేవన్న మాట మాత్రం ఇంకెప్పుడూ రాయకు. ఆ 41 బూటు నీ 41 పిక్కకు ఎందుకు పట్టలేదో తెలిస్తే ఏ జత కొనాలో దానంతట అదే తేలుతుంది.

రైడింగ్ బూట్లు చేసేవాళ్లు ఒక మధ్యరకం కాలికి నమూనా కోసుకుని, దాన్నే నంబర్ల వారీగా పెంచుతూ తగ్గిస్తూ పోతారు. పాదం నంబరు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది, పిక్క వెడల్పూ పెరుగుతుంది. తగ్గితే రెండూ తగ్గుతాయి. చిన్న పాదం, పొట్టి కాలు, నిండైన పిక్క ఉన్నవాళ్లు ఈ లెక్కలో ఎక్కడా ఇమడరు. ‘వైడ్’ అని అమ్మే జతల్లో చుట్టుకొలత ఒకటి రెండు సెంటీమీటర్లు పెంచుతారు గానీ బూటు ఆకారం చాలాసార్లు పాతదే. అసలు చిక్కు అక్కడుంది. నీ పిక్కలో అన్నిటికంటే లావైన చోటు నేల నుంచి 26 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకో. బూటులో వెడల్పైన చోటు 30 దగ్గర ఉందనుకో. అంటే పట్టికలో రాసిన 41 నీకు నాలుగు సెంటీమీటర్లు పైన దొరుకుతోంది. నీకు కావలసిన చోట ఆ బూటు 39కి మించి ఉండదు. జిప్ సరిగ్గా అక్కడే మొండికేస్తుంది, పైన మోకాలి దగ్గరేమో వదులుగా ఉంటుంది. పట్టిక అబద్ధం చెప్పలేదు, అది కొలిచిన చోటు వేరు.

అందుకని ముందు మళ్లీ కొలవాలి. సాయంత్రం పూట కొలువు. పొద్దంతా నిలబడి తిరిగాక కాళ్లు కాస్త ఉబ్బుతాయి, స్వారీ అయ్యాక బూటు విప్పే కాలు అదే. స్వారీకి వేసుకునే బిగుతు ప్యాంటు అదే బ్రీచెస్, వాటితో వేసుకునే పల్చటి పొడుగు సాక్సే వేసుకో. బ్రీచెస్ కింది అంచున వెల్క్రో పట్టీ ఉంటే అది చీలమండ పైన ఒక దిమ్మలా నిలబడుతుంది, తర్వాత బూటులో నొక్కుతుంది. సాగే బట్టతో సాక్సులా ముగిసే రకం నీకు మేలు. కుర్చీలో కూర్చుని పాదం నేలకు పూర్తిగా ఆనించు, మోకాలు లంబకోణంలో ఉండాలి. టేపు నువ్వు పట్టుకోవద్దు. వంగితే పిక్క కదులుతుంది, మడమ లేస్తుంది, ఒక సెంటీమీటరు అటో ఇటో అవుతుంది. ఇంకెవరినైనా పట్టుకోమను.

ఒక్కో కాలికి నాలుగు అంకెలు కావాలి. మోకాలి వెనక మడత నుంచి నేల దాకా ఎత్తు. పిక్క అన్నిటికంటే లావుగా ఉన్న చోట చుట్టుకొలత. ఆ లావైన చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో. మోకాలి మడతకు మూడు సెంటీమీటర్లు కింద, అంటే బూటు పై అంచు వచ్చే చోట, చుట్టుకొలత. మూడోది ఎవరూ అడగరు, నీకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. టేపును పైకీ కిందికీ జరుపుతూ ఎక్కువ అంకె వచ్చిన చోట సబ్బు ముక్కతో బ్రీచెస్ మీద చిన్న గీత పెట్టించుకుని, అక్కణ్ణుంచి నేల దాకా కొలిస్తే సరిపోతుంది. టేపు బట్టకు ఆనాలి, నొక్కకూడదు. అర సెంటీమీటరు దాకా రాసుకో. రెండు కాళ్లూ సమానంగా ఉండవు, లావైన కాలి లెక్కే తీసుకో.

ఇక పట్టిక చదవడం. ‘ఎత్తు’ అన్న మాటకి ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం. కొందరు వెనక ఎత్తు ఇస్తారు, కొందరు బయటి వైపు ఎత్తు ఇస్తారు. బయటి అంచు ఎత్తుగా, వంపు తిరిగి ఉండేదాన్ని స్పానిష్ టాప్ అంటారు. అది కాలిని పొడుగ్గా చూపిస్తుంది, నీలాంటి కాలికి అందం కూడా. కానీ అలాంటి బూటులో బయటి ఎత్తు వెనక ఎత్తు కంటే చాలానే ఎక్కువ. మోకాలు వంచినప్పుడు కోసేది వెనక అంచే కాబట్టి నువ్వు అడగాల్సింది వెనక ఎత్తు. ఇంకొకటి కూడా అడుగు: ఆ ఎత్తు నేల నుంచి కొలిచారా, హీల్ పై నుంచి కొలిచారా అని. హీల్ రెండున్నర సెంటీమీటర్లు ఉంటే, లోపల నీ మడమ కూడా ఇంచుమించు అంత పైకి లేస్తుంది. హీల్ కలిపి కొలిస్తే అందులోంచి ఆ రెండున్నర తీసేసి నీ 38తో పోల్చుకో.

కొత్త బూటు వెనక అంచు మోకాలి మడతలో గుచ్చుకుంటుంటే భయపడకు. తోలు చీలమండ దగ్గర ముడతలు పడుతూ కిందికి దిగుతుంది, మామూలుగా రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. మెత్తటి తోలు ఎక్కువ దిగుతుంది, డ్రెస్సాజ్ అనే గుర్రపు విన్యాసాల పోటీకి వాడే గట్టి బూటు తక్కువ, సింథటిక్ అయితే ఇంకా తక్కువ. కాబట్టి నీకు హీల్ తీసేసిన వెనక ఎత్తు 40, మహా అయితే 41 ఉండాలి. ఇప్పుడు సరిగ్గా 38 ఉన్న తోలు బూటు కొంటే మూడు నెలల్లో అది పిక్క మధ్యకి జారి కాలిని ఇంకా పొట్టిగా చూపిస్తుంది. 43 ఉంటే మాత్రం ముచ్చటపడి కొనకు. ఎంత దిగినా ఆ పైది మిగిలే ఉంటుంది, మోకాలి వెనక చర్మం ఒరుసుకుపోతుంది. సింథటిక్ జత అయితే దిగుతుందన్న ఆశ పెట్టుకోకుండా 39 లోపే చూసుకో.

పిక్క విషయంలో లెక్క దీనికి వ్యతిరేకం. తోలు వాడేకొద్దీ సుమారు ఒక సెంటీమీటరు వదులవుతుంది. జిప్ పక్కన నిలువునా ఎలాస్టిక్ పట్టీ ఉంటే మరో సెంటీమీటరో రెండో ఇస్తుంది. నీ లావైన చోటుకి అందే ఎత్తులో 40 చుట్టుకొలత, దానికి తోడు ఎలాస్టిక్ పట్టీ ఉన్న తోలు బూటు నీకు సరైనది. మొదటిరోజు జిప్ కష్టం మీద ఎక్కాలి, పై అంచులో ఒక వేలు దూరాలి, చెయ్యి దూరకూడదు. 43 కొని హాయిగా ఉందనుకుంటే రెండు నెలల్లో తోలు చీలమండ దగ్గర కుప్పగా పడుతుంది, జీను మీద కాలు బూటు లోపలే తిరుగుతూ ఉంటుంది.

పాదం, పిక్క, ఎత్తు మూడూ విడివిడిగా ఎంచుకోనిచ్చే కంపెనీల దగ్గరే ముందు వెతుకు. ఏరియట్ వాళ్లు అలా ఇస్తారు. ‘షార్ట్’, ‘వైడ్’ రెండూ ఒకే జతలో దొరికేవి తక్కువ రకాల్లోనే ఉంటాయి, రంగు దగ్గర బెట్టు చేయకు. పిక్క పడుతుందని పాదం నంబరు మాత్రం పెంచకు. చాలామంది చేసే పని అదే, అన్నిటికంటే చెడ్డ పనీ అదే. 39 తీసుకుంటే పిక్క పడుతుంది, కానీ ఎత్తు పెరుగుతుంది, మడమ లోపల జారుతుంది, చీలమండ వంపు నీ చీలమండ కంటే పైన పడి బూటు తప్పుడు చోట మడత పడుతుంది.

ఫీల్డ్ బూటుకి పాదం పైన లేసులుంటాయి, డ్రెస్ బూటుకి ఉండవు. నీకు లేసులవే తీసుకోమంటాను. పాదం వంపు దగ్గర వదులు చేసుకోవచ్చు, చీలమండ దగ్గర త్వరగా మెత్తబడతాయి. జిప్ వెనక ఉంటే దాని పై కొన సరిగ్గా మోకాలి మడత కిందికి వస్తుంది, పొట్టి కాలికి అది గుచ్చుకునే చోటు. కొనను కప్పే తోలు రెక్క, దానికి నొక్కు గుండీ ఉన్నాయేమో చూడు. జిప్ ముందువైపు ఉండే జతలు దొరికితే వాటినే ముందు వేసి చూడు, మోకాలి వెనక తోలు మెత్తగా మిగులుతుంది. లోపలి వైపు జిప్ వద్దు, జీనుకి రాసుకుని త్వరగా పాడవుతుంది.

జత రాగానే ఇంట్లో చాప మీదే వేసి చూడు, అడుగు గీసుకుపోతే వాపసు తీసుకోరు. ఉంచుకోవాలని తేలేదాకా తోలుకి నూనె, క్రీము ఏదీ రాయకు. జిప్ పూర్తిగా కిందికి దించి పాదం పెట్టి, మడమ వెనక్కి తగిలేలా నేలమీద తట్టి, ఒక చేత్తో రెండు అంచులూ దగ్గరికి పట్టుకుని రెండో చేత్తో నిదానంగా లాగు. జిప్ బలంతో తోలుని దగ్గరికి లాక్కోకూడదు, జిప్‌లు పోయేది అందుకే. వేసుకున్నాక మునివేళ్ల మీద లే. పిక్క ఉబ్బేది అప్పుడే, జిప్ పళ్లు విచ్చుకుంటున్నాయేమో ఎవరినైనా చూడమను. తర్వాత మెట్టు అంచున నిలబడి మడమలు కిందికి వదులు, స్వారీలో కాలు ఉండేది అలాగే. చివరగా గుర్రం ఎక్కేటప్పటిలా ఎడమ కాలు కుర్చీ ఎత్తుకి లేపి మోకాలు బాగా వంచు. వెనక అంచు నొక్కితే సర్దుకుంటుంది. బయటి వైపు, మోకాలి కిందున్న ఎముక బుడిపె మీద గట్టి అంచు నొక్కుతుంటే మాత్రం సర్దుకుంటుందనుకోకు. ఆ ఎముక మెడ చుట్టూ పాదానికి వెళ్లే నరం చర్మానికి దగ్గరగా పోతుంది. పాదం పైభాగం తిమ్మిరెక్కినా, చీమలు పాకినట్టున్నా వెంటనే విప్పేసి ఆ జత తిప్పి పంపు.

కాస్తలో తప్పిపోయిన జతని బాగుచేయించవచ్చు. తోలు బూట్లు చూసే మంచి పనివాడు పిక్క దగ్గర సాగదీసే యంత్రం మీద పెట్టి ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా తెస్తాడు. ఎక్కడ సాగాలో నీ సబ్బుగీత ఎత్తు చెప్పు, లేకపోతే బూటుకి వెడల్పైన చోటే ఇంకా సాగదీసి ఇస్తాడు. అంతకు మించి కావాలంటే కుట్టు విప్పి ఎలాస్టిక్ పట్టీ వేయించాలి. ఎత్తు తగ్గించడం ఇంకా జాగ్రత్తైన పని. పై అంచు కోసి, జిప్ పొట్టి చేసి, ఆగే మొన కొత్తగా వేసి, అంచుకి మళ్లీ తోలు పట్టీ కుట్టాలి. రెండు మూడు సెంటీమీటర్లు దాటితే స్పానిష్ టాప్ వంపు పోతుంది. ఏం కోయించినా బూటు పూర్తిగా దిగాకే కోయించు. కొత్తదాన్ని కోయిస్తే తర్వాత దిగి పొట్టిదైపోతుంది. సింథటిక్ బూట్లు సాగవు, వాటిమీద డబ్బు పెట్టకు.

అలవాటు చేసుకునే రోజుల్లో మొదట ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు వేసుకుని నడువు, మెట్లెక్కు. మడమ కింద ఒక సెంటీమీటరు మందం హీల్ ప్యాడ్ పెట్టుకుంటే కాలు పైకి లేచి వెనక అంచు గుచ్చుకోదు. బూటు దిగేకొద్దీ దాన్ని తీసెయ్. చీలమండ ముడతల దగ్గర మాత్రం తోలు క్రీము పల్చగా రాయి. పిక్క భాగానికి ఎక్కువ రాస్తే బాగా మెత్తబడి నిలబడదు. విప్పేటప్పుడు జిప్ బూటుకి మడమ పట్టి లాగే బూట్‌జాక్ వాడకు, మడమ దగ్గర కుట్టు మీద లాగుతుంది. తర్వాత జిప్ పళ్లలో దుమ్ము పాత టూత్ బ్రష్‌తో దులిపి అప్పుడప్పుడు మైనం రుద్దు. దాచేటప్పుడు లోపల ఆకారం నిలిపే బూట్ ట్రీ గానీ చుట్టిన పత్రిక గానీ పెట్టు.

కొత్త బూటు పాదం దగ్గర పాతదానికంటే వెడల్పుగా ఉంటే జీనుకి వేలాడే స్టిరప్, అంటే పాదం పెట్టే రికాబు కూడా కొలువు. బూటు వెడల్పైన చోటుకంటే స్టిరప్ రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఇరుకైతే పడ్డప్పుడు పాదం ఇరుక్కుంటుంది, మరీ వెడల్పైతే పాదం ముందుకు దూరిపోతుంది.

ఇదంతా చూసుకున్నా దొరకకపోతే చీలమండ దాకా ఉండే ప్యాడక్ బూట్ల మీద, పిక్కకి చుట్టే నున్నటి తోలు హాఫ్ చాప్స్ వేసుకో. వాటికి పిక్క, ఎత్తు విడివిడిగా ఉంటాయి, బయటివైపు ఎలాస్టిక్ ఉంటుంది, పాదం నంబరుతో పేచీ లేదు. రోజువారీ సాధనకి పొడుగు బూటు కంటే ఇదే సుఖం. పోటీకి ఒప్పుకుంటారో లేదో ఆ పోటీ నిబంధనల్లో చూసుకో, కొన్నిచోట్ల రంగు కలిసిన తోలు చాప్స్‌కి అభ్యంతరం లేదు, కొన్నిచోట్ల ఉంది. తప్పనిసరి అయితే కొలతలిచ్చి కుట్టించుకునే జతే దారి. దానికి ప్రతి ఐదు సెంటీమీటర్లకి ఒక చుట్టుకొలత అడుగుతారు, అప్పుడు కూడా లావైన చోటి ఎత్తు వేరుగా రాసి ఇవ్వు.

ఆదివారం సాయంత్రం ఎవరి చేతైనా కొలిపించుకుని ఎనిమిది అంకెలూ పంపు. నువ్వు చూస్తున్న జత పట్టిక కూడా పంపితే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఆ తెప్పించుకున్న జతని మాత్రం రేపే వాపసు చెయ్, గడువు దాటనివ్వకు.

ప్రేమతో,
అమ్మ