వెబ్‌క్యామ్ డబ్బా మీది మెగాపిక్సెళ్లు చూసి మోసపోవద్దు

సంపాదకులకు,

పండగ ఆఫర్లు మొదలైతే చాలు, ఏడెనిమిది వందలకే ‘20 మెగాపిక్సెల్ ఫుల్ హెచ్‌డీ’ వెబ్‌క్యామ్ అంటూ ప్రకటనలు వస్తుంటాయి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలతో మాట్లాడేందుకు ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌కు ఒక కెమెరా తగిలిద్దామనుకునే పెద్దవాళ్లు ఆ అంకె చూసే కొనేస్తారు. కంప్యూటర్ల రిపేరు పనిలో ఉన్నవాళ్లుగా ఈ విషయంలో నాలుగు మాటలు మీ పాఠకులకు చెప్పాలనుకుంటున్నాం.

ముందు ఆ అంకె సంగతి. 720పీ అంటే అడ్డంగా 1,280, నిలువుగా 720 చుక్కలు. గుణిస్తే తొమ్మిది లక్షల చిల్లర. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు కాబట్టి ఒక మెగాపిక్సెల్ కూడా నిండదు. ఫుల్ హెచ్‌డీ అనే 1080పీ అయినా 1,920 ఇంటూ 1,080, మొత్తం 20,73,600. రెండు మెగాపిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ పక్కనే 20 మెగాపిక్సెళ్లు అని రాశారంటే ఆ రెండో లెక్క వీడియోది కాదు. కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ తీసిన చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి వేసిన లెక్క. పాలలో నీళ్లు పోసి లీటర్లు పెంచినట్టన్నమాట.

దీన్ని కొట్లోనే తేల్చుకోవచ్చు. కెమెరాకు రెండడుగుల దూరంలో మీ పత్రికనే పట్టుకోమనండి. నిజమైన 720పీ కెమెరాలో పెద్ద శీర్షికలే కాదు, ఉపశీర్షికలు కూడా చదవడానికి వీలుగా ఉంటాయి. వార్తలోని చిన్న అక్షరాలు అలుక్కుపోయినా తప్పు పట్టనక్కర్లేదు. ఉపశీర్షికలే అలుక్కుపోతే అది పాత 640 ఇంటూ 480 సెన్సర్ అయ్యుండొచ్చు. డబ్బా విప్పి చూపించనన్న కొట్లో కొనకపోవడమే మంచిది.

అసలు ఇంటి కాల్స్‌కు 720పీ చాలు. జూమ్, గూగుల్ మీట్ ఉచిత ఖాతాల్లో బొమ్మ మామూలుగా అంతకు మించి వెళ్లదు. జూమ్ చెప్పే లెక్క ప్రకారం ఇద్దరు మాట్లాడుకునే 720పీ కాల్‌కు రెండు వైపులా 1.2 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) నెట్ వేగం కావాలి. 1080పీకి అప్‌లోడ్ 3.8 ఉండాలి. కనెక్షన్ ఇచ్చేవాళ్లు గొప్పగా చెప్పేది డౌన్‌లోడ్ వేగమే. మన ముఖం అవతలివాళ్లకు చేరేది అప్‌లోడ్ మీద కాబట్టి స్పీడ్ టెస్ట్‌లో రెండో అంకె చూసుకోండి. నాలుగు గోడలు దాటి వచ్చే వైఫై మీద 4కే కెమెరా పెట్టినా దండగే.

కొనేటప్పుడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది ఫోకస్. లాజిటెక్ సీ270 లాంటి చౌక రకాల్లో ఫోకస్ స్థిరంగా ఉంటుంది. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషికి అదే నయం, ఎందుకంటే చెయ్యి ఊపినప్పుడల్లా బొమ్మ మసకబారి తేరుకోవడం ఉండదు. మందుల చీటీయో చీర అంచో దగ్గరగా చూపించాలంటేనే సీ920 లాంటి ఆటోఫోకస్ కెమెరా కావాలి. దానికి పెట్టే అదనపు డబ్బు మిగుల్చుకుని చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోతుందని మా అభిప్రాయం. ఇక మూడో రకం ఒకటుంది. లెన్స్ చుట్టూ చేత్తో తిప్పే రింగు ఉంటుంది, కానీ అది తిప్పాలని డబ్బా మీద ఎక్కడా రాయరు. బొమ్మ మసకగా ఉందని వాపసు ఇచ్చేముందు లెన్స్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర ఒలిచారో లేదో చూడండి. తర్వాత మీరు కూర్చునే దూరంలో ఎవరినైనా కూర్చోబెట్టి రింగును మెల్లగా అటూ ఇటూ తిప్పండి. చాలాసార్లు అక్కడితో సరి.

రెండోది చూపు వెడల్పు. దీన్ని డిగ్రీల్లో చెబుతారు. మూడడుగుల దూరంలో 55 డిగ్రీల కెమెరాకు రెండున్నర అడుగుల పైచిలుకు వెడల్పు కనిపిస్తుంది. ఒక్కరికి బాగుంటుంది, దంపతులిద్దరూ కూర్చుంటే భుజాలు తెగుతాయి. 78 డిగ్రీలైతే నాలుగడుగులు వస్తుంది. 90 దాటితే సోఫా అంతా పడుతుంది కానీ ముఖాలు చిన్నవైపోయి, అంచున కూర్చున్నవాళ్ల బుగ్గలు సాగినట్టు కనిపిస్తాయి.

మూడోది మైకు. ఇక్కడే ఎక్కువ తేడా వస్తుంది. మరీ చౌక కెమెరాలకు యూఎస్‌బీ పిన్నుతో పాటు మైకు కోసం ఇంకో గుండ్రటి పిన్ను వేలాడుతుంటుంది. డెస్క్‌టాప్ వెనక గులాబీ రంగు రంధ్రంలో గుచ్చితే అది పనిచేస్తుంది. ఇయర్‌ఫోన్‌కీ మైకుకీ కలిపి ఒకే రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్‌లో పనిచెయ్యదు. ఆ రంధ్రానికి మూడు గీతల పిన్ను కావాలి, ఈ కెమెరాలకు వచ్చేది రెండు గీతలది. కాబట్టి మైకు కూడా యూఎస్‌బీ వైరులోనే వచ్చేది తీసుకోండి. పాత ఫోన్‌తో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్లు ఉంటే ఆ ల్యాప్‌టాప్‌కు అవే పెట్టుకోండి. స్పీకర్ లోంచి వచ్చిన మాట మళ్లీ మైకులో పడి అవతలివాళ్లకు ప్రతిధ్వనిగా వినిపించే బాధ కూడా తప్పుతుంది.

ఇప్పుడు కెమెరా తప్పు కాని తప్పు. అమెరికాలో పొద్దున అయ్యేసరికి మనకు రాత్రి. కాల్ అంతా ట్యూబ్‌లైటు కిందే. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఒక్కో బొమ్మకు ఎక్కువ సమయం తీసుకుంటుంది. సెకనుకు 30 బొమ్మలు పంపాల్సింది 15కు పడిపోతుంది, చెయ్యి ఊపితే తోకలా సాగుతుంది. ఐదు వేల కెమెరా కొనేముందు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి మానిటర్ వెనక, గోడకేసి పెట్టి చూడండి. గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుతురు ముఖం మీద మెత్తగా పడుతుంది. పగటిపూట కిటికీ వీపు వెనక ఉంటే కెమెరా ఆ వెలుగుకు సర్దుకుని ముఖాన్ని నల్లగా చేస్తుంది. కుర్చీ తిప్పుకుని కిటికీకి ఎదురుగా కూర్చోండి.

తెర మీద నల్లటి అడ్డచారలు మెల్లగా కిందికో పైకో జరుగుతున్నాయని కెమెరా మార్చేసేవాళ్లూ ఉన్నారు. అది చెడిపోవడం కాదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. చోక్ ట్యూబ్‌లైటు, నాసిరకం ఎల్‌ఈడీ ట్యూబు దానికి రెట్టింపు, సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్‌జ్ కాబట్టి అక్కడి నుంచి పిల్లలు తెచ్చిన కెమెరా ఆ లెక్కకే సెట్ అయి ఉండొచ్చు. విండోస్‌లోని కెమెరా యాప్ తెరిచి సెట్టింగ్స్‌లో ‘ఫ్లికర్ రిడక్షన్’ దగ్గర 50 హెర్ట్‌జ్ ఎంచుకోండి. అక్కడ మార్చినా కాల్‌లో చారలు పోకపోతే కెమెరా కంపెనీ ఇచ్చే సొంత సాఫ్ట్‌వేర్‌లో అదే మార్పు చెయ్యాలి. అన్నట్టు, అమెరికా కెమెరాకు 110 వోల్టుల భయం అక్కర్లేదు, అది యూఎస్‌బీ నుంచి తీసుకునేది 5 వోల్టులే. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లకపోవచ్చు.

బొమ్మే రాకపోతే రెండు చూడండి. వాట్సాప్, జూమ్ రెండూ తెరిచి ఉంచితే కెమెరాను ముందు పట్టుకున్నదే వదలకపోవచ్చు. ఒకటి మూసేయండి. అప్పటికీ రాకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘కెమెరా’ తెరిచి డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి ఉందో లేదో చూడాలి. మధ్యమధ్య ఆగిపోతుంటే ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి సీపీయూ వెనక రంధ్రానికి నేరుగా పెట్టండి.

ఇంట్లో కెమెరా బాగున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అసలు కొనకుండానే గడుపుకోవచ్చు. డ్రాయిడ్‌క్యామ్ లాంటి యాప్ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ వేసి, యూఎస్‌బీ వైరుతో కలిపితే ఫోనే వెబ్‌క్యామ్ అవుతుంది. వెనక కెమెరా వాడండి, ఫోన్‌ను కంటి ఎత్తులో స్టాండు మీద నిలబెట్టండి. గంట దాటే కాల్ అయితే ఫోన్ వేడెక్కుతుంది, అదొక్కటే చిక్కు.

వాడనప్పుడు లెన్స్‌ను కప్పేసే మూత ఉన్న కెమెరా దొరికితే మంచిదే. ల్యాప్‌టాప్ కెమెరా మీద మాత్రం దళసరి ప్లాస్టిక్ మూతలు అంటించకండి. అలా అంటించి మడిస్తే తెర పగలొచ్చని ఆపిల్ తన మ్యాక్‌బుక్‌ల గురించి 2020లోనే హెచ్చరించింది. చిన్న కాగితం ముక్క చాలు.

మీ పత్రిక ద్వారా మేం కోరేది ఒక్కటే. వెబ్‌క్యామ్ తయారీదారులు, అమ్మకందారులు డబ్బా మీద, ప్రకటనలో నాలుగు వివరాలు ఇవ్వాలి. సెన్సర్ అసలు రిజల్యూషన్ (అడ్డం, నిలువు చుక్కల లెక్క), ఫోకస్ రకం, చూపు ఎన్ని డిగ్రీలు, మైకు ఏ వైరులో వస్తుంది. సాగదీసిన మెగాపిక్సెళ్లు వెయ్యడం ఆపాలి. మీ ప్రకటనల విభాగం కూడా ఈ అంకెల మీద ఒక కన్నేసి ఉంచితే బాగుంటుంది. వెబ్‌క్యామ్‌లకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి కొనేవాళ్లు డబ్బా మీద ‘ఆర్’తో మొదలయ్యే నంబరు వెతికి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవాలి. కంపెనీ పేరు సరిపోలకపోతే తీసుకోవద్దు. కొన్నాక మోసం తెలిసి కొట్టువాడు వెనక్కి తీసుకోనంటే, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇట్లు,
కంప్యూటర్ రిపేరు పనివాళ్లు,
హనుమకొండ