ఎరువు బస్తాలో షాంపూ ప్యాకెట్లు

అయ్యా,

మిద్దె తోటకని మొన్న రెండు బస్తాల సిటీ కంపోస్టు, అదే ఊళ్లోని తడి చెత్తను మాగబెట్టి చేసే ఎరువు, కొన్నాను. విప్పితే షాంపూ ప్యాకెట్ల ముక్కలు, పెన్ను మూత, వేలికి గుచ్చుకున్న గాజు పెంకు! పైగా చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, అంటే ఇంకా మాగలేదన్నమాట, అలాంటిది కుండీలో వేస్తే సూక్ష్మజీవులే నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క పసుపెక్కుతుంది, నా టమాటా నారుకు అదే జరిగింది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఈ కంపోస్టులో కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, కార్బన్ నత్రజని నిష్పత్తి 20 లోపు, అంటే కార్బన్ నత్రజనికి 20 రెట్ల లోపే, ఉండాలి. బస్తా మీద మాత్రం అన్నీ చక్కగా అచ్చేశారు లెండి! తప్పంతా కంపోస్టు తయారుచేసే ప్లాంటుదే అనను, మా వీధిలోనే తడి చెత్త బుట్టలో డైపర్లు వేసేవాళ్లున్నారు. అయినా కుప్పలు తిరగేసి, వేడి పూర్తిగా తగ్గేదాకా ఆగకుండా అమ్మేయడానికి ఏం తొందర? అధికారులు దుకాణాల్లోని బస్తాల నుంచే శాంపిల్ తీసి, ఫలితాలు బయటపెట్టాలి.

— ఒక మిద్దె తోట పెంపకందారు, విజయవాడ