పేరు అడగని పెద్దమ్మకు

కూకట్‌పల్లి రైతుబజార్‌లో ఆకుకూరలు అమ్మే పెద్దమ్మా, మీకు వేల దండాలు. మా మేడ మీది సొరతీగకు పిందెలన్నీ వేలెడు కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయంటే, బేరాలు పక్కన పెట్టి మరీ చెప్పారు: “మందులేం వద్దు బిడ్డా, పొద్దుగూకినంక పోయి చూడు.”

చూశాను. సొరపువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుని పొద్దున్నకి వాడిపోతుంది. పగలు తిరిగే తేనెటీగలకు అది పెద్దగా దొరకదు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరి పిందె నిలవాలంటే రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులే రావాలి, మా నాలుగో అంతస్తుకి అవి రావడం తక్కువ. మీరు చెప్పినట్టే సన్నకాడ మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, అడుగున నూగునూగుగా బుల్లికాయ ఉన్న ఆడపువ్వు మధ్యలో పుప్పొడి మెల్లగా అద్దాను. కొద్దిరోజులకే పిందె కిందికి వంగి లావెక్కడం మొదలైంది! ఎంత సంబరపడ్డామో చెప్పలేను. మా పిల్లలైతే సాయంత్రమైతే చాలు, ఆడపువ్వులు వెతకడానికి మేడెక్కేస్తున్నారు.

ఈ శ్రావణమంతా మా ఇంట్లో సొరకాయ పులుసు, సొరకాయ తురిమిన సర్వపిండి. విత్తనానికని ఒక కాయ తీగకే వదిలేశాం. ఎండాక ఆ గింజలు ముందు మీకే తెచ్చిస్తాను, పెద్దమ్మా.